పదిహేడో స్తంభం

టాడ్‌మోర్డన్‌లో కాలువ వెనక సందు.
ఊరంతా తెల్లదీపాలు పెట్టేశారు.
లెక్కలో తప్పిందో ఏమో, పదిహేడో స్తంభం మిగిలింది.

సాయంత్రం నాలుగున్నరకే చీకటి.
ముందు గాజుగొట్టంలో దానిమ్మగింజ ఎరుపు,
చోక్ గొంతు సవరించుకుంటుంది,
పది నిమిషాలకి గానీ పసుపు పండదు.

"తొందరపెడితే పలకదు" అంటాడు ఆల్విన్ ఓల్డ్‌రాయిడ్,
కౌన్సిల్ నిచ్చెన నలభై ఏళ్లు మోసినవాడు.
అతని షెడ్డులో బిస్కెట్ డబ్బాల నిండా
ఇగ్నైటర్లు, కెపాసిటర్లు, పింగాణీ హోల్డర్లు;
భార్య మేజోళ్లలో చుట్టిపెట్టిన బల్బులు మాత్రం రెండే.
"మూడు" అని సరిదిద్దాడు.
మూడోది పగిలిందని మొన్న తనే చెప్పాడు.

ఈ వెలుగులో రంగులుండవు.
నా ఎర్ర గొడుగు నలుపు, అతని పచ్చ స్కార్ఫూ నలుపే.
వానచినుకులు మాత్రం శనగపప్పులా రాలతాయి.
డోరిన్‌ని మొదటిసారి ఇక్కడే చూశాడట,
కోటు నల్లనిదనుకుని
ఎవరు పోయారని పరామర్శించాడట.
తెల్లారి చూస్తే అది మిరపపండు ఎరుపు.

ఇప్పుడు నిజంగా పరామర్శించాల్సింది అతన్ని.
నేను నోరు తెరిచేలోపే
దీపం ఒకసారి రెప్పవేసింది.
ఇద్దరం తల పైకెత్తి
ఊపిరి బిగబట్టాం.