రెండోసారి పోత

సమాధుల పండగ మర్నాడు
ఇంకా తెల్లారకముందే మా అమ్మ సలోమి
పాలపొడి డబ్బా, అట్లకాడ పట్టుకుని
గుంతకల్లు రైలు గేటు అవతలి తోటకు పోయేది.
తోటంటే పూలతోట కాదు,
శిలువలు మొలిచిన తోట.

రాళ్లమీద కారి గడ్డకట్టిన మైనాన్ని
అట్టు తీసినట్టు తీసేది, చినగకుండా.
"వాళ్లని అడిగినావామా?" అంటే
"అడిగినా. వద్దనలేదు" అనేది.
డ్రైవరు అంతోనప్ప మీద తెల్లది.
పేరు చెరిగిపోయిన ఇంగ్లీషాయన మీద,
ఎవరు పెట్టినారో ఏమో, ఎర్రది.
గార్డు పెండ్లాం ఫిలోమినా రాయి మీద మాత్రం
మూడేండ్లుగా చుక్క మైనం లేదు.
అమ్మ అక్కడ కాసేపు నిలబడి
డబ్బాలోంచి ఒక తునక తీసి పెట్టొచ్చేది.
మనకే చాలదు గదా అని నాకు కోపం.

డబ్బాని నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు,
మంటంటుకుంటాది.
నీళ్లగిన్నెలో కూచోబెట్టల్ల, పసిబిడ్డకు పోసినట్టు.
కరిగేకొద్దీ పైకి తేలేవి
బంతిపూల రేకులు, చీమలు,
ఒకసారి ఎవరిదో చొక్కా గుండీ.
నాయన పాత బనీనులో వడగట్టేది.
నాయన వదిలిపోయిన వాటిలో
పనికొచ్చింది అదొక్కటే.

వత్తులు పక్కింటి కాశింబీవి.
ఎవరి పరుపో ఏకుతా ఏకుతా
పిడికెడు దూది పక్కకు లాగి
తొడమీద మూడు పేటలుగా పేని
ఉప్పునీళ్లలో ముంచి దండెం మీద ఆరేసేది.
"కొత్త పెండ్లోళ్ల పరుపుది మే,
తెల్లార్లూ కాలతాది" అని
పమిట అడ్డం పెట్టుకుని నవ్వేది.
నాకు అర్థం కాలేదనుకునేది.

అచ్చులు బొప్పాయి చెట్టు ఊరికే ఇచ్చేది.
ఆకు కోసేస్తే కాడ, లోపలంతా బోలు.
కింద జొన్నపిండి ముద్దతో బిరడా,
లోపల రోంత చెనిక్కాయ నూనె,
నడుమ వత్తి, దాన్ని పట్టుకుని పైన చీపురుపుల్ల.
పోసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు.
బళ్లారి ప్యాసింజరుకు ఆ సంగతి తెలీదు.
అది పోతాంటే ఇల్లంతా వణికి
వత్తి ఒక పక్కకు జరిగేది.
మా కొవ్వొత్తులన్నీ అందుకే
రైలు పట్టాల వైపే కరిగేవి.

"అయిపోయిందామా?"
"యాడ? సూడు."
చల్లారిన మైనం నడిమధ్య
వేలు దూరేంత గుంత.
"గట్టిపడేకొద్దీ లోపలికి కుంగుతాది.
రెండోసారి పోయకపోతే
అది కొవ్వొత్తి కాదు, గొట్టం."
అందుకే డబ్బా అడుగున
ఎప్పుడూ రోంత మిగిల్చేది.

మార్చి దాకా వాటిని బియ్యం డబ్బాలో దాచేది.
ఆ నాలుగు నెలలూ మా అన్నం
చర్చి వాసన వచ్చేది.

టెన్త్ పరీక్షలప్పుడు రాత్రి ఎనిమిదికి కరెంటు పోతే
బ్లేడుతో కాడ చీల్చేది.
ఒంటినిండా బొప్పాయి గీతలతో
ఇటుకరాయి రంగులో ఒకటి బయటికొచ్చేది.
దాని ముందు కూచుని
వృత్తానికి స్పర్శరేఖ గీస్తాంటే
ఇప్పుడు ఎవరి మైనం కాలుతాందో అనిపించేది.
అంతోనప్పదా? ఇంగ్లీషాయనదా?
లెక్క తప్పినప్పుడల్లా మంట చిటపటమనేది.
లెక్కల్లో నలభై మూడు.
"అంతమంది కూచుని సెప్పినా అంతేనా!"
అన్నాది అమ్మ.

ఇప్పుడు ఆ తోటలో అమ్మ రాయీ ఉంది.
నేను అంగడి ప్యాకెట్టు కొనుక్కుపోతాను.
మిషను చేసిన నిటారు కొవ్వొత్తులు,
ఏ రైలుకూ వంగనివి.
అమ్మకు రెండు, ఫిలోమినాకు ఒకటి.
సగం కాలగానే నేనే ఊదేసి వచ్చేస్తాను.
పండగపూట ఆర్పుతావేందని ఫాదరు అడిగినాడు.
మర్నాటికని చెప్పినా.
ఆయనకు ఏం అర్థమైందో.

మిగిలిన ఒకటి కాశింబీకి ఇస్తాను.
ముసలామె దాన్ని కంటి దగ్గర పెట్టుకుని
వత్తి గిల్లి చూసి
"దూది కాదు మే ఇది" అంటాది.