సొరుగు

కోతి వెంట అరుగు మీంచి దూకి
గుండీ ఒక్క అరుపు అరిచింది.
అంతే. ఆ తరవాత చప్పుడు లేదు.
కూచుంటే వెనక కుడికాలు పక్కకి చాపుకుని,
నిలబడితే మునివేళ్ళు మాత్రం నేలకి ఆనించి,
అప్పుగా తెచ్చుకున్న కాలేమో అన్నట్టు.

ఆముదం రాసి కట్టమంది ఎదురింటి లిమ్మమ్మ.
వీధికుక్కకి వైద్యమేటి, అదే సర్దుకుంటాదన్నాడు
రోజూ దానికి ఆలూచాపులు పెట్టి
పద్దెనిమిది కిలోలు చేసిన హోటలు పోలయ్య.

పర్లాకిమిడి పశువులాసుపత్రి.
డాక్టరమ్మ సుశాంతి గమాంగ్,
మహేంద్రగిరి వైపు సవర పల్లెలో పుట్టిన మనిషి,
బల్ల ఎక్కించకుండా నేల మీదే చాప పరిచింది.
"టికే పట్టుకో" అని నాకు తల అప్పజెప్పి
ఒక చేత్తో తొడ ఎముక బిగించి
రెండో చేత్తో కింది ఎముకని ముందుకి నెట్టింది.
జారింది.
"చూశావా? సొరుగు."

సొరుగంటే నాకు తెలుసు.
మా అమ్మ కుట్టుమిషనుకి కుడిపక్కది.
గాడి అరిగిపోయి, నాలుగు తొక్కులకే బయటికొచ్చి
బాబిన్లూ సుద్దముక్కలూ ఒళ్ళో పోసేది.
మోకాల్లో అలాంటిదొకటి ఉంటుందని
ముప్పై ఏళ్ళు పెడలు తొక్కీ తెలీదు.

లోపల తాడు తెగిందంది. అతకదంది.
అతుక్కోని గుడ్డ నేనింతవరకు చూడలేదన్నాను.
"గుడ్డ కాదమ్మా, వానలో నానిన నులక."

బరంపురంలో కోశారు.
దారం చూపించమని అడిగాను, సిగ్గులేకుండా.
నైలాను. గాలానికి కట్టే తంగూసులా ఉంది,
శుద్ధి చేసిందట. ఎన్నో నంబరని అడిగితే
కుర్ర డాక్టరు నవ్వి చెప్పాడు గానీ మర్చిపోయాను.
ఎముకకి బెజ్జం వేసి, కీలు బయటినుంచి చుట్టి
బిగించి ముడేశారు.
నా చేత్తో ఎన్ని వేల కాజాలు.
గుండీకి కాజా తీసింది మాత్రం వాళ్ళు.

ఎనిమిది వారాలు గెంతనివ్వొద్దన్నారు.
మిగిలిపోయిన ప్యాంటు గుడ్డతో
పొట్ట కింద ఉయ్యాలపట్టీ కుట్టాను.
చేపలమ్మే జగ్గడి దగ్గర ఐసు,
నీచు వాసన, దాన్నే నాకబోయేది.
స్కూలు యూనిఫారాలు పదిహేను రోజులు ఆలస్యం.
ఒక తల్లి తిట్టింది. తిట్టాల్సిందే.

కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ
"రెండోకాలు జాగ్రత్త, చాలావాటికి అదీ పోతుంది" అంటూ
బల్ల పట్టుకుని లేస్తున్న నా వైపు చూసింది.
"నీదేది? ఎడమదా?"
రెండూ అని చెప్పలేదు.

నిన్న వానకి తడిసిన వాకిట్లో
మూడు అడుగులు లోతుగా, నాలుగోది పల్చగా.
చెరపబుద్ధి కాక ముగ్గు మానేశాను.

ఇవాళ కోతి మళ్ళీ వచ్చింది,
పిట్టగోడ మీద, తీరిగ్గా పేలు చూసుకుంటూ.
గుండీ చెవులు లేచాయి. వెనక కండ బిగిసింది.
నేను గొలుసు మీద ఎడమకాలు వేసి నొక్కి
మిగతా జాకెట్టంతా
కుడికాలితోనే తొక్కాను.