ఐ యామ్

ఫర్వానియాలో బకాలా మీది గది.
శుక్రవారం మూడు నుంచి ఐదు దాకా
అది మాది.
కింద ఖుబూస్ కాలే వాసన.
పైన తొమ్మిది మందిమి, దగ్గుతూ ఒక ఏసీ.

నర్సు కరుణావతి
మందుల అట్టపెట్టెలు కత్తిరించి
చీటీలు చేసుకొచ్చింది.
చీటీకొక ఇంగ్లీషు మాట. వెనక తెలుగు లేదు.
"మీకెప్పుడట్లా అనిపించిందో
అందరి ముందూ చెప్పండి.
తప్పొచ్చినా సరే, నోరు మూయొద్దు."
మిగతా ఆరు రోజులు మేం వినేదానికి
సరిగ్గా తలకిందులు.

ఖాజాబీకి 'బోర్డ్' వచ్చింది.
"ఐ యామ్ బోరింగ్" అంది ధైర్యంగా.
"బోరింగువైతే చెప్పవే,
బిందెలు తెచ్చుకుంటాం" అంది పెంచలమ్మ.
గది గదంతా నవ్వు. ఏసీ కూడా కాసేపు దగ్గడం మానింది.

ఓబులమ్మకు 'టైర్డ్'.
అది మనసు మాట కాదు, ఒంటి మాట
అని ఒకరు అడ్డం తగిలినారు.
"నాలుగంతస్తుల మెట్లు తుడిచినాక
మనసు యాడుంటాది?
మోకాళ్ళలోనే గదా" అంది ఓబులమ్మ.
ఇరవై నిమిషాలు తెగలేదు ఆ వాదన.
సిస్టరు వాచీ చూడలేదు.

నాకు 'యాంగ్రీ'.
మామా నా ఫోను గుంజుకున్న రోజు గురించి
చెప్దామని లేచినా.
"యాంగ్రీ కమ్ టు మీ" అన్నా.
"రావడం ఉండదు.
ఐ యామ్ యాంగ్రీ అనాలి."

నేను ఉన్నాను కోపం.
నేనే కోపమా?

మా మాటలో కోపం వస్తాది.
ఏడుపొస్తాది, భయమేస్తాది,
దారిన పోయేవాళ్ళ మాదిరి వాకిట్లో నిలబడతాయి.
చెంబెడు నీళ్ళిస్తే తాగి పోతాయి.
నేను నా ఎసరు చూసుకుంటా ఉంటా.
పదకొండేండ్లు
ఈ వ్యాకరణంతోనే నెట్టుకొచ్చినా.
వచ్చింది, పోయింది.
ఒక్క దినారు కోత పడలేదు.

ఇంగ్లీషులో మధ్యన గడప లేదు.
దాన్ని బయట నిలబెట్టే చోటు లేదు.

"అయితే సిస్టర్,
మామా ముందర ఏది చెప్పాల?"
అడిగింది పెంచలమ్మ.
కరుణావతి చీటీ అంచు గోటితో గీకింది.
ఆసుపత్రిలో ఆమె చెప్పేది
ఒకటే అంట, ఐ యామ్ ఫైన్.
అది ఏ చీటీలోనూ రాయలేదు.

కింద వ్యాను హారను కొట్టింది.
ఇంకా తీయని చీటీలు బల్ల మీదే ఉన్నాయి.
నాది ఇకామా కవర్లో పెట్టుకున్నా.

రాత్రి అందరూ పడుకున్నాక
ఫ్రిజ్ తెరిచి, దాంట్లోకి, మెల్లగా
"ఐ యామ్ యాంగ్రీ" అన్నా.
చెంపలకు చల్లగాలి తగిలింది.
ఇంకోసారి అన్నా, కొంచెం గట్టిగా.

వెనకాల చిన్నపిల్ల దానా.
ఆరేండ్లు. పాల కోసం లేచింది.
"వై?" అంది.

తొమ్మిది మందిమి రెండు గంటలు మాట్లాడుకుంటిమి,
ఆ ఒక్క మాట ఎవురూ అడగలేదు.

పాలు పోసిచ్చినా.
తాగేదాకా నా మొహమే చూసింది.
మూతి మీద తెల్ల మీసం తుడిచి
పడుకోబెట్టి వచ్చినా.
ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంది.