ముఠా

ఏనుమాముల యార్డులో ఆ మాటకు మచ్చ లేదు.
పద్నాలుగో నంబరు ముఠా అంటే
పదకొండు మంది హమాలీలు, ఒక మేస్త్రి,
పొద్దుగూకినంక సమంగా పంచుకునే కూలి.
ఒకని నడుము పట్టేసిన నాడు సుత
వాని వాటా వానికి ముట్టేది.

అదే మాట అదాలత్ మెట్లెక్కి
నా కీబోర్డు ముందు కూసున్నది:
"నిందితులు ముగ్గురు ముఠాగా ఏర్పడి..."

ఆ "గా" ఒక్క అక్షరం.
అది లేకుంటే ఉత్త దొంగతనం.
అది తగిలితే ఐదేండ్లకు తక్కువ లేదు,
పైకి యావజ్జీవం దాకా తొవ్వ.

పోయింది ఒక ట్రాలీ ఆటో,
దాని మీద ఏడు బస్తాల చపాటా మిర్చి.
దొరికింది పరకాల రోడ్డు మీద, డీజిల్ అయిపోయి.

మేస్త్రి గుండేటి ఓదెలు సాక్ష్యానికి నిలబడ్డడు.
"వీళ్లు నీ ముఠా వాళ్లేనా?" పీపీ అడిగిండు.
ముసలాయన ఛాతీ కొంచెం లేచింది.
"కాకపోతే? రాజమౌళి తొమ్మిదేండ్ల సంది నాతోనే."
పీపీ నా దిక్కు చూసిండు.
రాసిన. అందులో అబద్ధం ముక్క లేదు.

షాహీన్ మేడం లేచింది:
"ముఠాల ఏం పని చేస్తరు, తాతా?"
"ఇద్దరు లేపుతరు, ఒకడు వీపు ఒగ్గుతడు.
ఒంటిగ ఎత్తుకుంటే మెడ ఇరుగుతదమ్మా."
అది కూడా రాసిన.

జడ్జిగారు కళ్లద్దాలు తీసిండు.
"పదేళ్లలో పాత చార్జిషీట్లు ఎన్ని?
కోర్టు స్వీకరించినవి?"
"ఒకటుందండీ. రెండో ముద్దాయి మీద.
బరాతుల కొట్లాట."
"ఒకటి కంటే ఎక్కువ ఉండాలె కదా చట్టంల?"
ఫ్యాను మాత్రమే జవాబు చెప్పింది.

అప్పుడే గుమస్తా సాక్ష్యపు సంచి మూతి విప్పిండు.
జడ్జి, పీపీ, ముద్దాయిలు, నేను
ఒక్కసారే తుమ్మినం,
ఏ ఉమ్మడి ఉద్దేశమూ లేకుండా.

తీర్పుల "గా" పోయింది. దొంగతనం మిగిలింది.
ఏడాదిన్నర.

వరండాల ఓదెలు నన్ను ఆపిండు:
"నా ముఠా కాదని చెప్పేదుండెనా, బిడ్డా?"
నా దగ్గర కాగితం లేదు,
కాగితం లేకుంటే నాకు మాట రాదు.

ఇప్పటికీ శనివారం శనివారం
మూడు వాటాలు పక్కకు తీస్తడట,
లోపలున్న వాళ్ల ఇండ్లకు పంపుతడట.

ఈ సంగతి ఎక్కడా టైపు చెయ్యలేదు.
పీపీ చెవిన పడితే
మల్లొక ఆధారం అయ్యేది.