ఒక రేవు గురించి పద్నాలుగు ప్రశ్నలు

సెయింట్ జాన్స్ శాసనసభలో
ఇరవై రెండేళ్లు ఇతరుల మాటలు టైపు కొట్టాను.
దగ్గు రాయకూడదు, బల్ల చరుపు రాయకూడదు,
మౌనం అసలే రాయకూడదు.
మౌనానికి నా మిషన్‌లో మీట లేదు.

ఎఫ్రాయిం కీపింగ్ మొదటిసారి లేచినప్పుడు
కోటుకు ఉప్పుచేప వాసన.
ముందు బెంచీలో ఎవరో రుమాలు తీశారు.
ముప్పై ఏడు ఓట్లతో గట్టెక్కినవాడు
ఆ ముప్పై ఏడుగురూ వెనక నిలబడి వింటున్నట్టు మాట్లాడాడు:

"సభాపతిగారూ, స్కిఫ్ కోవ్‌కి రేవు లేదు.
మంచు కరగని నీళ్లలో నడుం లోతు దిగి
ఆడవాళ్లు పడవలు లాగుతారు.
మా అమ్మ లాగింది.
నేను కడుపులో ఉండగా లాగింది."

ఇక్కడ గొంతు జీరబోయింది.
జీర రాయలేదు నేను.

జవాబు: పరిశీలనలో ఉంది.

మరుసటి ఏడు మళ్లీ అడిగాడు. ఆపై ఏడు రెండుసార్లు.
పద్నాలుగు ప్రశ్నలు. చివరికి అతను లేస్తేనే
నా వేళ్లు వాటంతటవే ఆ రెండక్షరాల మీదికి పోయేవి.
పదిహేనోసారి అడగలేదు.
మంత్రి అయ్యాడు.

కొత్త కోటు. వాసన లేదు.
చేతిలో కొత్త పథకం:
ఊళ్లో నూటికి తొంభై మంది సంతకం పెడితే
తలకింత అని డబ్బు, అవతలి ఒడ్డున ఇంటి జాగా,
బడి, కరెంటు, డాక్టరు.
డాక్టరు అందక పోయిన పిల్లల లెక్క చదివాడు.
అబద్ధం కాదది.
స్కిఫ్ కోవ్: పదకొండు.
అందులో ఒకటి అతని చెల్లెలు.
అంకెలోనే కలిపి చదివేశాడు.

ఇళ్లను ఖాళీ డ్రమ్ముల మీద కట్టి
మోటారు పడవలతో లాక్కెళ్లారట,
కిటికీ తెరలు తీయకుండా,
గోడ గడియారం ఆపకుండా.
అతని తల్లి డోర్కస్
పొయ్యి పక్క కుర్చీలో కూర్చునే సముద్రం దాటిందట.
దారంతా ఒక్క మాట లేదు.
దిగాక అడిగిందట:
"చెల్లిని దేనిమీద తెస్తావురా?"

ఏరు దాటి తెప్ప తగలేశాడన్నారు జనం.
నిజానికి అతను తగలేసుకున్నది
తానింకా దిగని తెప్పని.
అవతలి ఒడ్డు వేరే నియోజకవర్గం మరి.
అతనికి ఓటేసే చేతులు
అతని సంతకంతోనే సరిహద్దు దాటిపోయాయి.
తరలిన ఓట్లు రెండు వందల నలభై,
ఓడింది రెండు వందల పన్నెండుతో.
ఉండి ఉంటే వేసేవారా?
డోర్కస్ మాత్రం వేసేది కాదనుకుంటాను.

ఎన్నికలకు ముందు ఆఖరి సమావేశంలో
ప్రతిపక్షం వాడొకడు తాపీగా అడిగాడు:
"స్కిఫ్ కోవ్‌లో ఇప్పుడెవరున్నారు?"
ఎఫ్రాయిం లేచాడు.
నా వేళ్లు మీటల మీద, మీటలు గాలిలో.
కిటికీ అవతల ఓడ కూత రెండుసార్లు వినిపించింది.
కూర్చున్నాడు.
రికార్డులో ఆ ప్రశ్న కిందనే
బంగాళదుంపల సబ్సిడీ మొదలవుతుంది.

అతను ఓడిన మరుసటి వేసవిలో
ఏ బీరువాలో నిద్రలేచిందో ఆ పాత ఫైలు,
రేవు మంజూరైంది.
మనుషుల్లేని ఊరికి కట్టారు కూడా.

చాన్నాళ్లకు మా ఆఫీసుకొచ్చాడు.
పాత కోటు. పాత వాసన.
ఆ రోజు పేజీ కావాలన్నాడు, నిలబడే చదివాడు.
"ఇక్కడ నేను లేచాను కదమ్మా?"
లేచారన్నాను.
"ఎంతసేపు?"
చాలాసేపన్నాను.
కాగితం నాలుగు మడతలు పెట్టి
నకలుకి పాతిక సెంట్లు బల్లమీద ఉంచాడు.

రేవెలా ఉందని అడిగాను.
"గట్టిది," అన్నాడు.
"లోతు సరిగ్గా కొలిచారు."