పై మంచం

ఫహాహీల్‌ల చేపల మార్కెట్ ఎనుక సందుల
టైపింగ్ సెంటర్. ఏసీ కింద బకెట్.
కుంజుమోన్ భాయ్ అరబ్బీల కొడతడు, కుడి నుంచి ఎడమకు.
నేను ఎడమ నుంచి చెప్తున్న.
నడుమ యాడనో కలవాలె మేమిద్దరం.

దరఖాస్తు ఎవరికని అడిగిండు.
లేబర్ ఆఫీసు కిటికీ పోలీసుల కాడికి పొమ్మన్నది,
పోలీసులు ఎంబసీకి,
ఎంబసీల కూసున్నాయన కంపెనీకి.
కంపెనీ గేటు కాడ నా బతాకా గుంజుకున్నరు.
ఇగ మిగిలింది జెనీవా అన్నరెవరో.
అది ఊరో, ఆఫీసో, మనిషో
చెప్పినాయనకు సుత తెల్వదు.

రాయి భాయ్.
బొడ్డు రాజలింగు. ముప్పై తొమ్మిదేండ్లు. సెంట్రింగ్ పని.
జులై నెల.
పదకొండు నుంచి నాలుగు దాక ఎండల పని వద్దని
షెడ్డు గోడకు కాయితం అతికేసి ఉన్నది.
గా కాయితం నీడలనే పడ్డడు.

కుంజుమోన్ ఏళ్లు ఆగినయి.
"నీడలు రాయరాదు. టైం చెప్పు."
పన్నెండు నలభై.
"దవాఖాన కాయితంల రాత్రి పది అని ఉన్నది.
గదిల. గుండె ఆగి. సహజం."
గుండె ఆగకుండ సచ్చినోడు
ఎవడన్న ఉన్నడా భాయ్?

సాల్మియాల ఒక వకీలమ్మ ఉన్నది.
పైసల ముచ్చట ముందు తియ్యలే.
ఫోన్ల హిందీల అడిగింది: సాక్ష్యం ఏముంది?
గంటకొక ఫోటో పంపాలె, ఫోర్‌మన్ రూలు.
పన్నెండు ముప్పై ఒకటికి పంపిన ఫోటో చూపెట్టిన.
ఇనుప చువ్వలు. పలకలు. ఓ మూలకు రాజలింగు బూట్లు,
బూట్ల కిందికే ముడుసుకున్న నీడ.
జరసేపు ఏం మాట్లాడలే ఆమె.
"నీడ అబద్ధం ఆడదు" అన్నది. "గిది రాయించు."
కుంజుమోన్ నా దిక్కు చూడకుండ
కొట్టేసిన మాట మళ్ల కొట్టిండు.

తర్వాత ఒక గడి వచ్చింది.
అతనికి నువ్వు ఏమైతవు?
అన్నవా, బావవా, సడ్డకునివా?
పై మంచం, అన్న.
నాలుగేండ్లు అతని మంచం అంచు మీద కాలు వెట్టే ఎక్కిన.
కింద అతను దగ్గితే పైన నా మంచం ఊగేది.
నా తువ్వాల జారి అతని మొకం మీద పడితే
మడత వెట్టి మళ్ల పైకేసేటోడు, నిద్రలనే.

కుంజుమోన్ ఏందో కొట్టిండు.
ఏం రాసినవంటే, "జార్. పక్కింటోడు."
గంతేనా?
"గంతే ఉన్నది. కానీ వీళ్ల దగ్గర
అది చిన్న మాట కాదు."

కేసు మాత్రం భార్య పేరు మీదనే నడవాలె.
సత్తమ్మ వకాల్తా పంపాలె. హైదరాబాద్ ముద్ర, ఢిల్లీ ముద్ర.
బీడీలు చుట్టి చుట్టి బొటనేలు గీతలు అరిగినయట,
మిషన్ల ఏలు వడతలేదట.
నాలుగుసార్లు పోయి వచ్చింది. సోమారం మళ్ల పోతదట.

రెండు దినార్లన్నడు కుంజుమోన్. ఒకటి తీసుకున్నడు.

క్యాంపుల కింది మంచం మీదికి కొత్త పోరడు వచ్చిండు,
నేపాల్ దిక్కు. బ్యాగు ఇంకా ఇప్పలే.
అంచు మీద కాలు వెట్టబోయి ఆగిన.
పెన్ను తీసిన.
నీ పేరేంది తమ్మి,
ఇంటి కాడ ఎవరికి ఫోన్ చెయ్యాలె?