పదిహేడు ఒకట్లు

కయానీ దాటాక నలభై కిలోమీటర్లకి
ఆగాలా వద్దా అని రైలు తటపటాయించే స్టేషను.
సిగ్నల్ గదిలో కెర్తు హ్యువారినెన్.
పట్టాల మీద మంచు తోసే బండి నాది.
డీజిలు గడ్డకట్టిన రాత్రుల్లో
ఆమె పొయ్యి దగ్గర చేతులు కాచుకునేవాణ్ణి.

బల్ల మీద రైళ్ల రిజిస్టరు. దాని కింద ఇంకో పుస్తకం.
మొదటి పేజీలో, అడ్డంగా,

11111111111111111

"కిటికీలోంచి లెక్కపెట్టు" అంది.
పట్టాల అవతల భూర్జచెట్లు. తెలుపు మీద తెలుపు. పదిహేడు.
రాసుకోమని బెరడిచ్చే చెట్లు
తామే అంకెలై నిలబడ్డాయి.

నూటపదకొండు కోట్లకోట్లు, ఆ పైన ఇంకా.
మూడుతో పోదు: అన్నీ కూడితే పదిహేడే.
పదకొండుతో? జంటలు కట్టించి నిలబెడితే
చివర ఒక్కత్తే మిగిలిపోతుంది.
"దీన్ని విరిచేదంటూ ఉంటే
ముప్పై నాలుగో ఎక్కంలో, ఒక మెట్టుకి ఒకటి ఎగువన ఉంటుంది."
బళ్లో లెక్కల టీచరు చెప్పిందట. ఎందుకో కూడా చెప్పిందట.
నూట మూడు. నూట ముప్పై ఏడు. రెండు వందల ముప్పై తొమ్మిది.
రైలుకీ రైలుకీ మధ్య ఒక భాగహారం,
రోజుకి రెండు.
ప్రతిదాని కిందా శేషం,
చెప్పులో రాయిలా.

పదహారు శీతాకాలాలు.
ఆమె మొగుడు ఈలోపు చేపలు పట్టడం మానేశాడు,
తర్వాత మాట్లాడటం మానేశాడు.
తొమ్మిదివేల పైచిలుకు లెక్కలయ్యాక
ఒక గురువారం
ఇరవై లక్షల డెబ్భై ఒక్క వేల ఏడు వందల ఇరవై మూడు దగ్గర
కింద ఏమీ మిగల్లేదు.

కేక వెయ్యలేదు. కలప రైలు పదకొండు నిమిషాలు ఆలస్యం,
ముందు అది రాసింది.
తర్వాత నన్ను పిలిచి, తిరగేసి గుణించి చూపించింది:
అవతలిది ఐదు వందల ముప్పై ఆరు కోట్ల చిల్లర.
ఐదులు, మూళ్లు, రెళ్లు, ఏళ్లు
కలగాపులగంగా మెట్లు దిగుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ,
కింది గీత చేరేసరికి
అన్నీ ఒకట్లు.
నాకు గొంతు పట్టేసింది. ఎందుకో చెప్పలేను.

ఆ వేసవిలో పొయ్యి బాగుచేయిస్తూ కుర్చీ జరిపారు.
కిటికీ చట్టం ఇన్నేళ్లూ దాచిన చెట్లు
రెండు బయటపడ్డాయి.
కొత్త పుస్తకం. పంతొమ్మిది ఒకట్లు.

ఓలులో మా అక్క కూతురు లైబ్రరీలో పనిచేస్తుంది.
అడిగితే వెతికి చెప్పింది:
పంతొమ్మిది విరగదు. ప్రధాన సంఖ్య. దేనితోనూ పోదు.

అప్పటికి కెర్తు మూడొందల పేజీలు నింపింది.
చెబుదామనే వెళ్లాను.
తల ఎత్తకుండా "రాత్రికి కురుస్తుందా?" అంది.
కురుస్తుందన్నాను.
పొద్దున్న తోసిన దారి అప్పుడే సగం పూడింది.
కట్టె ఒకటి పొయ్యిలోకి నెట్టి
బండి దగ్గరికి నడిచాను.